ఉడత ఖాతా

జూన్ 3, మంగళవారం

ఈ నెల ఇరవై ఒకటికి ఉడతకు పద్దెనిమిదేళ్ళు నిండుతాయి. కన్నతల్లిని నేనుండగా ఆ సంగతి ముందుగా గుర్తుచేసింది బ్యాంకువాళ్ళు. మీ అమ్మాయి మేజరు కాబోతోంది, పుట్టినరోజు తరవాత పాత మైనరు ఖాతా ఆగిపోతుంది, గార్డియన్‌గా మీ అధికారం ముగుస్తుంది, అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చి ఎలాంటి ఖాతా కావాలో ఎంచుకోండి అని మధ్యాహ్నం ఫోనుకు మెసేజి పెట్టారు. ముగుస్తుందట. ఎంత మర్యాదగా చెప్పారో!

ఆ వేళప్పుడు షాపులో ఎవరూ లేరు. చివరి వరుసలోని పరుపు మీద నడుం వాల్చి మళ్ళీ చదివాను. పరుపుల షాపులో పనిచేసేవాళ్ళకు ఉన్న ఒకే ఒక్క సుఖం ఇది. మధ్యాహ్నం పూట అద్దాల్లోంచి ఎండ లోపలికి వచ్చి, పరుపుల మీది ప్లాస్టిక్ తొడుగుల మీద మెల్లగా పాకుతుంది. హాలు మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది. బయట బస్సుల మోత కూడా ఎక్కడో పైనుంచి వినిపిస్తుంది. కళ్ళు మూతపడుతుండగా కడుపు మీద పెట్టుకున్న ఫోను గుర్రుమంది.

మెట్ల కింద టీ కొట్టు.

అంటే ఉడతకు క్లాసులు అయిపోయాయి. సంచీ ఒక భుజానికే తగిలించుకుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ ఉంటుంది. పక్కన ఇద్దరు ముగ్గురు స్నేహితులు. ఎవరో జోకు వేస్తే ఇది ఆలస్యంగా నవ్వుతుంది. ఎప్పుడూ అంతే, అందరూ నవ్వడం అయిపోయాక మొదలుపెడుతుంది. ఇదంతా నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇది గూఢచర్యం కాదు. ఖాతా తెరిచినప్పుడు దానికి పదేళ్ళు, కాబట్టి నా నంబరు ఇచ్చాను. రెండేళ్ళ కిందట కాలేజీలో చేరాక కార్డు ఇప్పించాను, అది ఎక్కడ వాడినా మెసేజి నాకు వస్తుంది. వచ్చింది చదువుతాను. గడపలో పడ్డ ఉత్తరం చదవకుండా ఎవరుంటారు?

జూన్ 5, గురువారం

ఉడతకు ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే పెద్దదేం కాదు. కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ఆసుపత్రిలో, సాయంత్రాలు బల్ల దగ్గర కూర్చుని ఏ పిల్లి ముందొచ్చిందో ఏ కుక్క వెనకొచ్చిందో చూసుకోవాలి. పుట్టినరోజు అయ్యాక చేరమన్నారట.

"జీతం బ్యాంకులోనే వేస్తారంటమ్మా. నా పేరున ఖాతా ఉండాలట."

"ఉందిగా."

"అది ఆగిపోతుందిగా. కొత్తది తీసుకోవాలి."

"సరే, ఇద్దరి పేరున తీసుకుందాం. నీ పేరూ ఉంటుంది, నా పేరూ ఉంటుంది. నీకేం తక్కువ?"

అది పళ్ళెంలోకి చూస్తూ "చూద్దాంలే" అంది. ఇది 'చూద్దాంలే' అంటే అచ్చం వాళ్ళ నాన్న అన్నట్టే. ఆ మనిషి 'చూద్దాంలే' అన్న పని ఏదీ పదహారేళ్ళ కాపురంలో చూడలేదు, చెయ్యలేదు. ఇప్పుడు వంతెన అవతల గది అద్దెకు తీసుకుని షాపులకు బోర్డులు రాసుకుంటూ ఒక్కడే ఉంటున్నాడు. మేం విడిపోయి నాలుగేళ్ళు. గొడవ పడి కూడా కాదు, పాలు విరిగినట్టు విరిగింది. కూతురు వెళ్ళి చూసి వస్తానంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ మాట దానికి ఎన్నోసార్లు చెప్పాను. అదే వెళ్ళడం మానేసింది.

జూన్ 7, శనివారం

పొద్దున్నే ఏటీఎం. తరవాత రోజంతా మౌనం.

శనివారాలు ఇంతే. కాస్త డబ్బు బయటికి తీస్తుంది, ఇక ఆ రోజు కార్డు ముట్టుకోదు. సాయంత్రం దాకా ఫోను రాయిలా పడి ఉంటుంది. నేను చివరి పరుపు మీద పడుకుని ఉడతను వెతుకుతుంటాను. సినిమా హాల్లో కూర్చోబెట్టి చూస్తాను, సరిపోదు. లైబ్రరీలో కూర్చోబెడతాను, అక్కడికి డబ్బెందుకు? ఒకసారి పడవ ఎక్కించాను. పడవ చాలా బాగుంది. నీళ్ళలో వేళ్ళు ముంచి వెళ్తోంది. ఎదురుగా తెడ్డు వేసేవాడి ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా కనిపించలేదు.

సాయంత్రం ముఖం వెలిగిపోతూ వచ్చింది. ఎక్కడికెళ్ళావని అడగలేదు. ఆ అలవాటు తప్పిపోయింది. రెండేళ్ళుగా అన్నీ ఫోనే చెబుతోంది కదా, నేను అడిగే అవసరం ఏం వచ్చింది?

జూన్ 8, ఆదివారం

తమ్ముడు వచ్చాడు. వాడికి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఏసీలు బాగుచేసే వాడికి బ్యాంకుల గురించి అంత తెలియడం మా అదృష్టం. మూడు బ్యాంకుల కాగితాలు బల్ల మీద పరిచాడు. ఒకరు గొడుగు ఇస్తారట, ఒకరు సంచీ ఇస్తారట, మూడోవాళ్ళు ఏమీ ఇవ్వరు కాబట్టి వాళ్ళు మోసగాళ్ళట.

"గొడుగు కోసం ఖాతా తెరుస్తామా మామయ్యా?" అంది ఉడత.

"నీకు తెలీదే పిల్లా. వాన ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?"

అది నవ్వుకుంటూ లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించాడు. "అక్కా, జాయింటు ఖాతానే తీసుకో. మెసేజులు నీకే వచ్చేట్టు చూసుకో. ఈ వయసు మంచిది కాదు. శనివారం శనివారం డబ్బులు తీస్తోందంటున్నావు, ఎవడో ఒకడు ఉండే ఉంటాడు."

"నోర్ముయ్" అన్నాను. కానీ పడవలో మనిషి మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చాడు. ఈసారి వాడికి మీసం కూడా ఉంది.

జూన్ 10, మంగళవారం

మెట్ల కింద టీ కొట్టు. హమ్మయ్య.

జూన్ 12, గురువారం

ఓనరు గారిని గంట సెలవు అడిగి బ్యాంకుకు ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడి మేడం నెమ్మదస్తురాలు. మూడు దారులు చెప్పింది. పాత ఖాతానే అమ్మాయి పేరుకు మార్చుకోవచ్చు. విద్యార్థుల ఖాతా కొత్తగా తెరవచ్చు, అందులో డబ్బు లేకపోయినా ఎవరూ ఏమీ అనరు. లేదా ఇద్దరి పేరునా తెరవచ్చు.

"ఇద్దరి పేరునా తెరిస్తే మెసేజులు ఎవరికి వస్తాయండీ?"

"ఎవరి నంబరు రాస్తే వాళ్ళకి."

"నా నంబరు రాస్తే నాకే కదా?"

"మీకే. కానీ అమ్మాయి ఒప్పుకోవాలండీ. అప్పటికి తను మేజరు. తను సంతకం పెట్టకపోతే మేమేం చెయ్యలేం."

ఆవిడ ఇది మామూలుగానే అంది. నాకెందుకో ముఖం వేడెక్కింది. అమ్మాయి భద్రత కోసం అడుగుతున్నానని చెప్పాను. అందుకే కదా అడిగింది. ఇంకెందుకు?

జూన్ 13, శుక్రవారం

కల వచ్చింది. బ్యాంకు నిండా పరుపులు వేసి ఉన్నాయి. ఒక్కో పరుపు ఒక్కో ఖాతా. మేడం చెప్పులు విప్పమని, "పడుకుని చూసి చెప్పండి, తొందరేం లేదు" అంటోంది. నేను ఇద్దరి పేరున ఉన్న పరుపు మీద పడుకున్నాను. మెత్తగా, లోతుగా, ఎంత హాయిగా ఉందో. పక్కకు తిరిగి చూస్తే ఉడత అంచు మీద, పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని పడుకుని ఉంది. సర్దుకోవే, బోలెడు చోటుందిగా అన్నాను. "పర్లేదమ్మా" అంది.

లేచేసరికి తలగడ తడిగా ఉంది. ఉక్కపోత.

జూన్ 14, శనివారం

ఏటీఎం. మౌనం.

ఈరోజు కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. మా ఓనరు గారిది ఒకటే సూత్రం. మనిషి పరుపు మీద పడుకుని కళ్ళు మూసుకోగానే మనం అటు తిరిగిపోవాలి. తలగడలు సర్దుకోవాలో, గోడ చూసుకోవాలో అది మన ఇష్టం. ఎవరో చూస్తున్నారని తెలిస్తే ఒంట్లో ఏ ఎముకా వదులవదనీ, అప్పుడు మంచి పరుపు కూడా రాయిలాగే ఉంటుందనీ అంటారు. నేను ఈ షాపులో చేరి ఇన్నేళ్ళయినా దొంగచూపులు చూస్తూనే ఉంటాను. ఈరోజు ఆ అమ్మాయి కళ్ళు తెరిచి నన్ను పట్టుకుంది. లేచి చిరాకుగా చెప్పులేసుకుంది. బేరం పోయింది. ఓనరు గారు మధ్యాహ్నమంతా నాకు వినిపించేలా నిట్టూర్పులు విడిచారు.

జూన్ 17, మంగళవారం

అన్నం తినేటప్పుడు మళ్ళీ ఎత్తాను. జాయింటు ఖాతా అన్నాను.

"ఎందుకమ్మా?"

"నీ మంచికే."

"నా మంచికా, నీ మెసేజులకా?"

"ఏం మెసేజులు?" అన్నాను. కన్నకూతురి ముఖంలోకి చూస్తూ, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

అది లేచింది. నా పళ్ళెం కూడా తీసి కడిగింది. కడుగుతూ మామూలుగా "గుడ్‌నైట్ అమ్మా" అంది. అరిచినా బాగుండేది.

జూన్ 18, బుధవారం

టీ కొట్టు మెసేజి రాలేదు.

జూన్ 19, గురువారం

ఈరోజూ రాలేదు. సిగ్నల్ బాగాలేదేమో. తమ్ముడి మెసేజులు మాత్రం గుడ్‌మార్నింగ్ పువ్వులతో సహా వస్తున్నాయి.

జూన్ 20, శుక్రవారం

వెళ్ళాను. అటువైపు పనుండి వెళ్ళాననుకుందాం.

ఈ రెండేళ్ళూ నేను కళ్ళు మూసుకుని చూసిన టీ కొట్టు వేరు. అక్కడ బెంచీలు ఉండేవి, చెట్టు నీడ ఉండేది. నిజం కొట్టు కాలేజీ గోడ పక్కన, ఇనుప మెట్ల కింద, ఒక మనిషి తల వంచుకుని నిలబడేంత. టీ తీసుకుని, కొట్టతనితో మాటలు కలిపాను. సంచీ ఒక భుజానికే తగిలించుకునే అమ్మాయి, ఆలస్యంగా నవ్వుతుంది అన్నాను.

"ఆ అమ్మాయా? తెలీకపోవడమేంటండీ. రోజూ వస్తుంది. ఈ రెండు మూడు రోజులే రాలేదు."

"టీ అంటే అంత ఇష్టమా?"

"ఇష్టమా? టీ వాసనే పడదండీ తనకి! కార్డు పెట్టి డబ్బులు కడుతుంది, గ్లాసు తీసుకెళ్ళి గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇస్తుంది, పోతుంది. ఎందుకమ్మా ఈ దండగ అని నేనే అడిగా ఓసారి. ఇది టీ కాదు, మా అమ్మకి ఉత్తరం అంది. కార్డు వాడితే ఇంట్లో అమ్మకి తెలుస్తుందంట, క్షేమంగా ఉన్నానని. పాపం వాచ్‌మన్ మూడ్రోజుల్నించి నన్నడుగుతున్నాడు, ఉత్తరాలు రావట్లేదేంటని."

అతను నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను. గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. బస్సులో కూర్చున్నాక కూడా చేతులు వేడిగానే ఉన్నాయి.

కిటికీ సందులోంచి నేను దాన్ని చూస్తున్నాననుకున్నాను. అది రెండేళ్ళుగా ఆ కిటికీ ముందుకు వచ్చి చెయ్యి ఊపి వెళ్తోంది. ఇన్నాళ్ళూ నేను చూసింది అది చూపించిందే. మంగళవారం రాత్రి నేను 'ఏం మెసేజులు' అన్నాను కాబట్టి ఉత్తరాలు మానేసింది.

సిగ్గుగా ఉంది. సిగ్గుకంటే ఎక్కువగా ఇంకోటి ఉంది. ఇంత ప్రేమ నా ఫోనులోకి రోజూ వస్తే నేను దాన్ని దొంగసొత్తులా దాచుకున్నానే అని.

జూన్ 21, శనివారం

పద్దెనిమిది. మా షాపులోనే మంచి తలగడ కొని ఇచ్చాను. "పద్దెనిమిదో పుట్టినరోజుకి తలగడా! ఇంక పడుకోమనా అమ్మా?" అని పకపకా నవ్వింది. ఈసారి ఆలస్యం చెయ్యలేదు. నన్ను వాటేసుకుంది. నేను ఏదో చెప్పబోయాను, అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. ఏటీఎం.

సాయంత్రం వచ్చేటప్పుడు చంకలో ఏదో పలక లాంటిది, పాత పేపర్లో చుట్టి ఉంది. తలుపు వెనక నిలబెట్టి స్నానానికి వెళ్ళింది. పేపరు మూల చిరిగి ఉంది. నేను చింపలేదు, ఒట్టు. అందులోంచి ఒక అక్షరం కనిపించింది. 'త'. పచ్చటి చెక్క మీద తెల్ల రంగు. దాని తలకట్టు గాలికి లేచినట్టు పైకి ఎగిరి ఉంది.

ప్రపంచంలో తలకట్టును అలా ఎగరేసి రాసేవాడు ఒక్కడే. ఈ ఊళ్ళో సగం షాపుల మీద ఆ తలకట్లు చూస్తూ తల తిప్పుకుని నడుస్తుంటాను.

పడవ లేదు, మీసాలవాడు లేడు. శనివారాలు వాళ్ళ నాన్నవి. బస్సు టికెట్టు నా ఫోనులో కనపడకూడదని చేతిలో డబ్బు పెట్టుకుని వంతెన దాటుతోంది.

నాకు అభ్యంతరం లేదని ఎన్నిసార్లు చెప్పలేదు! చెప్పాను. చెప్పి, అది వెళ్ళి వచ్చిన ప్రతిసారీ రెండ్రోజులు మాట్లాడేదాన్ని కాదు. తలనొప్పి అనేదాన్ని. నిజంగానే నొప్పి వచ్చేది కూడా. అందుకే అది 'మానేసింది'.

కోపం వచ్చింది, ఆయన మీద. తరవాత దాని మీద. అది స్నానం చేస్తూ పాట పాడుకుంటోంది. తలుపుకు ఇవతల కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

జూన్ 23, సోమవారం

ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. లోపల చల్లగా, ఎవరో నిద్రపోతున్న ఆసుపత్రి గదిలా నిశ్శబ్దంగా ఉంది. మేడం నన్ను గుర్తుపట్టి నవ్వి, ఉడత వైపు తిరిగింది.

"ఒక్కరి పేరునా అమ్మా, ఇద్దరి పేరునా?"

ఉడత నా వైపు చూసింది. దానికి చిన్నప్పుడు ఏది తినిపించినా సగం బుగ్గలో దాచుకునేది, ఆ పేరు అందుకే వచ్చింది. ఇప్పుడూ అలాగే, ఏదో బుగ్గలో పెట్టుకున్నట్టు, మింగలేక కక్కలేక ఉంది.

"ఇద్దరి పేరునే రాయండి" అంది. "మెసేజులు అమ్మకే వెళ్ళనివ్వండి. అమ్మ కంగారు పడుతుంది."

అడిగింది దొరికింది. నెల మొదటి నుంచి నేను కోరుకున్నది ఇదే, గొడవ లేకుండా నా చేతికి వచ్చింది. దాని ముఖం చూశాను. నా కోసం మళ్ళీ రోజూ ఆ మెట్ల కింద నిలబడడానికి సిద్ధంగా ఉంది. ఇంకా ఎన్నేళ్ళయినా నిలబడుతుంది. శనివారాలు డబ్బు చేతిలో పెట్టుకుని వంతెన దాటుతుంది. నాకు మాత్రం అన్నీ తెలిసినట్టే ఉంటుంది.

"వద్దండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "విద్యార్థుల ఖాతా ఉందన్నారుగా, అది. దాని ఒక్కదాని పేరునే."

"మరి మెసేజులు?"

"తన నంబరుకే."

"నంబరు చెప్పండి."

నోరు తెరిచాను. రాలేదు. మొదటి నాలుగు అంకెల తరవాత ఏముందో నాకు తెలియదు. నా ఫోనులో దాని బొమ్మ నొక్కడమే అలవాటు. మిగతాది ఉడతే చెప్పింది, మెల్లగా, నన్నే చూస్తూ.

బయటికి వచ్చాక మెట్ల మీద ఆపింది. "ఏమైందమ్మా నీకు? నువ్వే కదా పట్టుబట్టావు?"

"నీకు టీ వాసన పడదటగా" అన్నాను.

అది చెవులదాకా ఎర్రబడింది. "ఆ కొట్టాయనకి నోట్లో నువ్వుగింజ నానదు!" అంది. ఇద్దరం నవ్వాం. అది నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, ఏదో నేనే చిన్నపిల్లనైనట్టు. వంతెన సంగతి అది చెప్పలేదు, నేను ఎత్తలేదు.

జూన్ 25, బుధవారం

తమ్ముడు ఫోన్ చేసి అరిచాడు. చేతులారా పగ్గాలు వదిలేశానట. గొడుగు కూడా ఇవ్వని బ్యాంకట. పెట్టేశాను.

మధ్యాహ్నం పరుపు మీద పడుకున్నాను. కడుపు మీద ఫోను గుర్రుమన్నట్టు అనిపించి రెండుసార్లు చూశాను. ఏమీ లేదు. ఉడత ఎక్కడుందో తెలియదు. ఏ బొమ్మా రాలేదు. ఎండ ఒక్కో పరుపూ దాటుకుంటూ వెళ్ళడం మాత్రం చూశాను.

జూన్ 26, గురువారం

భయంగా ఉంది. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

జూన్ 28, శనివారం

పొద్దున్నే వెళ్ళింది. రోజంతా ఒకే ఒక్క ప్రశ్నను నోట్లో తిప్పుకుంటూ గడిపాను. మామూలు ప్రశ్న. ఎవరైనా ఎవరినైనా అడిగేదే. తలగడలకు గలీబులు తొడుగుతూ పైకే అనుకుంటుంటే ఓనరు గారు "ఏంటమ్మా?" అన్నారు.

చీకటి పడకముందే వచ్చింది. చెప్పులు విప్పుతోంది. నేను వంటింట్లోంచి, వెనక్కి తిరక్కుండా అడిగాను.

"ఈరోజు ఎక్కడికెళ్ళావే?"

చెప్పుల చప్పుడు ఆగింది.

"ఎందుకు?"

"ఊరికే. నాకు తెలీదు కదా, అడుగుతున్నా."

గుమ్మం దాకా వచ్చి నిలబడింది. వేలికి పచ్చరంగు అంటుకుని ఉంది. తుడుచుకోలేదు.

"నాన్న దగ్గరికి."

చెప్పి, నా ముఖం కోసం కాచుకుని ఉంది. తలనొప్పి వస్తుందేమో, ఇంకో రెండ్రోజులు ఇల్లు మూగబోతుందేమో అని. నాలుగేళ్ళుగా దాని భయం ఇదా అనిపించింది. స్టవ్ కట్టేసి దాని వైపు తిరిగాను.

"ఎలా ఉన్నాడు?"

దాని ముఖం ఒక్కసారిగా ఎలా మారిందో నేను రాయలేను. "బానే ఉన్నాడు. ఏదో వండాడు, గిన్నె కూడా మాడ్చేశాడు."

"మరి ఏం తిన్నారు?"

"అదే తిన్నాం" అంది, నవ్వుతూ. ఒక్క గెంతులో వంటింటి గట్టు ఎక్కి కూర్చుని, కాళ్ళు ఊపుతూ చెప్పడం మొదలుపెట్టింది. ఈ వారం సంగతీ, పోయిన వారం సంగతీ, నాకు తెలిసిందనుకుని ఎన్నడూ తెలియని రెండేళ్ళ సంగతీ. నేను నేల మీదే కూర్చుండిపోయాను. కూర సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది నాకు చెప్పింది.